వాతపురీశుని సన్నిధిలో నూరు దినములు

దేహధారికి రోగము తప్పదు. ఒకనాటి జ్వరమును ఓర్చుకొనవచ్చును, రెండు నాళ్ల నొప్పిని మరచిపోవచ్చును. నెలల తరబడి మంచము విడువనీయని వ్యాధి అట్టిది కాదు. అది దేహమును మాత్రమే గాక మనుజుని పనిని, పేరును, ఉత్సాహమును మెల్లమెల్లగా హరించును. నిన్నటి వరకు పదిమందికి పాఠము చెప్పిన పండితుడు నేడు ఇతరులు పట్టి త్రిప్పిననే గాని ప్రక్క మీద ఒత్తిగిలలేని స్థితికి వచ్చును. అట్టి స్థితినుండి ఒక మహాకవి దినదినమును కొంచెము కొంచెముగా కోలుకొనుచు, కోలుకొనుచునే తన పనిని తాను చేసి, ఆ పనినే లోకమునకు ఔషధముగా ఇచ్చిన వృత్తాంతము కేరళదేశమున కలదు. ఆ కవి మేల్పత్తూరు నారాయణ భట్టతిరి. ఆ గ్రంథము శ్రీమన్నారాయణీయము. అది వెలసిన సన్నిధి గురువాయూరు.

నూట ఎనిమిది దివ్యదేశములలో తిరునావాయ యొకటి. అచ్చట నావాముకుందుడు నిళానదీ తీరమున వెలసియున్నాడు. ఆ నదినే భారతప్పుళ యనియు అందురు. ఆ క్షేత్రమునకు సమీపమున మేల్పత్తూరు అను నంబూదిరి గృహము ఉండెను. అందు సుమారు 1560లో నారాయణుడు జన్మించెను. తండ్రి మాతృదత్తుడు మీమాంసాశాస్త్రమున దిట్ట. తండ్రి వద్ద మీమాంసను, మాధవుడను ఆచార్యుని వద్ద వేదమును, అన్నగారైన దామోదరుని వద్ద తర్కమును, అచ్యుత పిషారటి వద్ద వ్యాకరణమును అభ్యసించితినని భట్టతిరి తన ప్రక్రియాసర్వస్వమున స్వయముగా చెప్పుకొనెను.

ఈ నలుగురిలో అచ్యుత పిషారటి స్థానము ఆయన జీవితమున అన్నిటికంటె పెద్దది. అచ్యుతుడు తిరూరునకు చేరువనున్న త్రిక్కండియూరు వాస్తవ్యుడు. జ్యేష్ఠదేవుని శిష్యుడై కేరళ గణితసంప్రదాయమున పేరుపొందినవాడు. స్ఫుటనిర్ణయము ఆయన గ్రంథము. గ్రహణగణితమును తెలుపు ఉపరాగక్రియాక్రమమును కూడ ఆయనయే రచించెను. పిషారటులు దేవాలయసేవకు చెందిన అంబలవాసి వర్గమువారు. నంబూదిరి బ్రాహ్మణుడొకడు పిషారటిని గురువుగా వరించుట ఆ కాలమున సామాన్య విషయము కాదు. నారాయణుడు యౌవనమున చదువును అలక్ష్యము చేసి, ప్రొద్దెక్కిన దాక నిద్రించుచు కాలము గడపెడివాడనియు, అచ్యుతుడు ఒకనాడు తీవ్రముగా మందలించుటచే సిగ్గుపడి ఆయన పాదములనే ఆశ్రయించెననియు ఐతిహ్యము. మందలింపు విని కోపగించుకొనువారు అనేకులు. మందలించినవానినే గురువుగా స్వీకరించినవారు అరుదు. అటుపిమ్మట ఆయన కొలది కాలముననే పాణినీయమును ఆకళించుకొనెను.

అట్లుండ గురువునకు వాతరోగము సంక్రమించెను. కీళ్లు బిగిసి, అవయవములు చెప్పినమాట వినని స్థితి ఏర్పడెను. శిష్యుడు చూచి సహింపలేకపోయెను. తాను గురువునకు ఈయవలసిన దక్షిణ ఇంకను మిగిలియున్నదని తలచి, ఆ వ్యాధిని తనకు దానముగా ఇమ్మని ప్రార్థించి, సంకల్పపూర్వకముగా దానిని తన దేహమునకు తెచ్చుకొనెనని కేరళీయులు తరతరాలుగా చెప్పుకొందురు. ఒకరి వ్యాధి మరియొకరికి సంక్రమించు విధానమును గూర్చి ఎవరెట్లు తలచినను, ఆ వయసున నారాయణుడు కఠినమైన వాతరోగముచే పీడితుడై, దాని నివారణకై మొరపెట్టుకొనెననుటకు మాత్రము నారాయణీయమే సాక్ష్యము. అప్పటికి ఆయనకు ముప్పది ఏండ్లు నిండలేదు.

దక్షిణ ఇచ్చుట ఒక నిమిషపు పని. ఇచ్చినదానిని దినదినమును భరించుట వేరు. త్యాగము చేసిన క్షణమున ఉండెడి ఉత్సాహము, మూడవ మాసమున రాత్రి నిద్రపట్టని వేళ ఉండదు. శాస్త్రము లన్నియు కంఠస్థములై యుండెను, చేయి మాత్రము కదలదు. సూత్రములన్నియు జ్ఞప్తియందుండెను, ఏ సూత్రమును నొప్పిని తగ్గింపలేదు. పండితునకు ఇది రోగముకంటె పెద్ద బాధ. తాను చదివినదంతయు ఎందులకు అను ప్రశ్న అట్టివేళనే మనసున పుట్టును.

ఆ కాలమున తిరూరు ప్రాంతముననే తుంచత్తు ఎళుత్తచ్ఛన్ ఉండెను. అధ్యాత్మరామాయణమును కిళిప్పాట్టు రీతిలో మలయాళమున పాడిన మహాకవి ఆయన. నారాయణుడు ఆయన వద్దకు ఒకరిని పంపి తన వ్యాధికి ఉపాయ మడిగించెనట. చేపతో మొదలుపెట్టుమని ఆయన బదులు పంపెను. మత్స్యమాంసములు ముట్టని నంబూదిరి యింట ఆ మాట విన్నవారందరును నివ్వెరపోయిరి. మంచమున నున్న రోగి మాత్రము దాని భావమును గ్రహించి సంతసించెను. భగవంతుని అవతారములలో మొదటిది మత్స్యావతారము. అవతారకథలను గానము చేయుమని ఆ కవి సెలవిచ్చినట్లు ఆయన తెలిసికొనెను. అందుకై భాగవతమును ఆశ్రయించెను. నారాయణీయమున మత్స్యావతారము 32వ దశకమునగాని రాదు. ఉపదేశములోని అక్షరములను పట్టుకొనక దాని హృదయమును పట్టుకొని, ఆయన శ్రీమద్భాగవతము నడచిన త్రోవనే నడచెను.

అంతట ఆయనను గురువాయూరునకు చేర్చిరి. దేవగురువైన బృహస్పతియు వాయుదేవుడును కలసి ప్రతిష్ఠించినందున ఆ క్షేత్రమునకు ఆ పేరు వచ్చినదని స్థలపురాణము. సంస్కృతమున దానినే గురుపవనపురమనియు, వాతపురమనియు వ్యవహరింతురు. వాతమనగా వాయువు, వాతమనగా ఈ వ్యాధి. వాతరోగి వాతపురీశుని శరణు జొచ్చెను. అచ్చటి స్వామి శంఖచక్రగదాపద్మములను ధరించిన చతుర్భుజ విష్ణుమూర్తి. భక్తులు మాత్రము ఆయనను బాలకృష్ణునిగానే భావించి గురువాయూరప్ప అని పిలుచుకొందురు. తెల్లవారుజామున నిర్మాల్యదర్శనమైన పిదప స్వామికి నువ్వులనూనెతో అభిషేకము జరుగును. ఆ తైలమును వాతవ్యాధులకు ఔషధముగా భావించి భక్తులు తీసికొనిపోవుదురు. వ్యాధిగ్రస్తులు ఆ సన్నిధిలో నియమిత దినములు భజనముండుట కూడ అచ్చటి ఆచారము.

నారాయణుడు అట్లు భజనముండ వచ్చినవాడే. ఊరక కూర్చుండి స్వస్థత కొరకు ఎదురుచూచుట ఆయనకు సరిపడలేదు. తాను చేయగల పని యొకటి ఉన్నది: శ్లోకము చెప్పుట. ఆ పనికి ఆయన ఒక కొలత నిర్ణయించుకొనెను. దినమునకు ఒక దశకము, అనగా పది శ్లోకములు. పదునెనిమిది వేల శ్లోకములని ప్రసిద్ధికెక్కిన భాగవతమును, మంచముపట్టిన మనుజుడు, దినమునకు పది చొప్పున సంగ్రహింప పూనుకొనెను. కొల్లం శకము 762, సింహమాసమున ఆ పని ప్రారంభమయ్యెను. అది క్రీస్తుశకము 1586.

ఈ కొలతలో ఒక రహస్యము కలదు. ఆరోగ్యవంతుడైన ఆ పండితునకు దినమునకు పది శ్లోకములు గొప్ప పని కాదు. రోగికి అది తక్కువయు కాదు, ఎక్కువయు కాదు. నొప్పి తగ్గిన దినమున ఇరువది చెప్పి, మరునాడు పడిపోయిన మనుజుని ఉత్సాహము చెడును. నొప్పి హెచ్చిన దినమున ఒకటియు చెప్పక విడిచిన మరునాడు కూర్చుండుట కష్టమగును. కొన్ని దశకములందు శ్లోకములు పదికి మించినను, మొత్తము మీద ఆ కొలత ఎక్కడను తప్పలేదు. పథ్యము పాటించువాడు అన్నమును కొలిచి తినునట్లు, ఆయన తన శక్తిని కొలిచి వినియోగించెను.

ఆయన తన బాధను దాచుకొనలేదు. మొదటి దశకమున భగవన్మహిమను, రెండవదానియందు దివ్యమంగళవిగ్రహ సౌందర్యమును వర్ణించెను. మూడవదానియందు భక్తుల లక్షణమును చెప్పుచునే, ఈ రోగము తగ్గినచో నిన్ను తనివితీర సేవింతును గదా అని స్వామితో మొరపెట్టుకొనెను. అటుపై కథ ఏదైనను, ప్రళయమైనను, సృష్టియైనను, ధ్రువుడైనను, అజామిళుడైనను, దశకము ముగియు వేళకు కవి తరచుగా వాతపురీశుని వైపు తిరిగి తన రోగమును తొలగింపుమని అడుగును. వేదాంతము చదివినవాడు దేహబాధను గూర్చి మొరపెట్టుకొనవచ్చునా అని సందేహించువారు ఈ గ్రంథమును చదువవలెను. బిడ్డ తల్లితో నొప్పియని చెప్పుకొనుటకు సిగ్గుపడదు.

దినములు గడచుకొలది వ్యాధి సన్నగిల్లెనని సంప్రదాయము. ఒక్కమారుగా లేచి నిలువలేదు. దశకమునకొక కొంత చొప్పున దేహము తేలికపడెను. 24వ దశకమున ప్రహ్లాదుడు, 25వ దశకమున నృసింహుడు, 26వ దశకమున గజేంద్రుడు. పోతన భాగవతమున గజేంద్రమోక్షణము చదువుకొని పెరిగిన తెలుగువారికి ఆ ఘట్టము రోగపీడితుడైన కవి నోట ఎట్లు పలికియుండునో వేరుగా చెప్పనక్కరలేదు. మొసలి కాలు పట్టిన ఏనుగు చాలకాలము తన బలముతోనే పెనుగులాడెను. బలము తరిగిన పిదపనే పిలిచెను. అటుపై క్షీరసాగరమథనము. అమృతకలశమును చేతబట్టి ధన్వంతరి వెలువడిన కథను కూడ ఆ రోగియే గానము చేసెను. వైద్యునకు ఆదిపురుషుడు శ్రీమన్నారాయణుని అంశయే. కావున ఈ చరిత్రను విని, దైవమునే నమ్మితిమని మందును మానుకొనుట ధర్మము కాదు. మందు భగవంతుని చేతి నుండియే వచ్చినదని తలచి పుచ్చుకొనుట ఉచితము.

గురువాయూరు నివాసకాలమునకు చెందిన మరియొక వృత్తాంతమును కేరళమున పిన్నలు పెద్దలు ఎరుగుదురు. పూంతానము నంబూదిరి అను భక్తుడు అప్పుడు ఆ సన్నిధిని సేవించుచుండెను. లేక లేక కలిగిన శిశువు అన్నప్రాశన దినముననే గతించగా, ఆ దుఃఖమునుండి కృష్ణునే బిడ్డగా భావించుకొన్నవాడు ఆయన. జ్ఞానప్పాన ఆయన రచన. ఆయన సంస్కృత పండితుడు కాడు. తాను మలయాళమున వ్రాసిన కృతిని ఒకనాడు భట్టతిరికి చూపి, దోషములున్న దిద్దిపెట్టుమని వినయముతో కోరెను. భాషాకవిత్వమును దిద్దుట తన పని కాదని భట్టతిరి త్రోసిపుచ్చెను. పూంతానము కన్నీటితో వెనుదిరిగెను. ఆ రాత్రియే భట్టతిరికి తగ్గుముఖము పట్టిన వ్యాధి మరల విజృంభించెననియు, తనకు భట్టతిరి విభక్తికంటె పూంతానము భక్తియే ప్రియమని స్వామి తెలియజేసెననియు చెప్పుదురు. తెల్లవారినంతనే భట్టతిరి ఆ భక్తుని వెదకికొని పోయి, క్షమింపుమని వేడి, ఆ కృతిని ఆదరముతో విన్నాడట.

వ్యాధి సగము తగ్గిన వేళ మనుజునకు కలుగు ప్రమాదమును ఈ వృత్తాంతము చక్కగా చూపును. మంచమున నున్నప్పుడు అందరి దయను కోరుదుము. కొంచెము కూర్చుండ గలిగినంతనే పాత అహంకారము కూడ లేచి కూర్చుండును. భట్టతిరి దేహము కోలుకొనుచుండగా విద్యాగర్వమును కోలుకొనెను. దానిని గుర్తించి వెంటనే దిద్దుకొనుటయే ఆయన గొప్పతనము. వెనుకంజ వేసిన దినమున పనిని మానలేదు. మరునాటి దశకము మరునాడు వచ్చెను.

37వ దశకము మొదలుకొని శ్రీకృష్ణావతారము. గ్రంథమున సగమునకు పైగా ఈ కథకే ఇచ్చెను. బాలలీలలు, వేణుగానము, రాసక్రీడ, కంసవధ, రుక్మిణీ కల్యాణము, కుచేలుని అటుకులు. కథ ముగిసిన పిదప భక్తిస్వరూపమును, మార్కండేయుని చరితమును, పరతత్త్వమును చెప్పి, నూరవనాటికి చేరెను. ఆ దినమున ఆయన కన్నులెదుట స్వామి సాక్షాత్కరించెనని విశ్వాసము. నూరవ దశకము కేశాదిపాదవర్ణనము. నీలకుంతలములతో మొదలై, ముఖము, వక్షము, పీతాంబరము క్రమముగా దర్శించుచు, పాదములవద్ద ఆ దృష్టి నిలిచిపోవును. చూచుచున్నవాడు చెప్పుచున్నట్లుండునే గాని ఊహించి చెప్పుచున్నట్లుండదు.

గ్రంథమును ముగించుచు కవి తనకొరకు మాత్రమే అడుగలేదు. ఈ స్తోత్రమును అనుసంధించువారికి ఆయువు, ఆరోగ్యము, సౌఖ్యము కలుగవలెనని కోరెను. ఆ మూడు మాటల కూర్పులోనే గ్రంథసమాప్తి దినమును నిక్షేపించెను. అక్షరములను అంకెలుగా గణించు కటపయాది సంకేతము ప్రకారము ఆ పదము కలియుగారంభము నుండి 17,12,210 దినములను తెలుపును. అది కొల్లం శకము 762, వృశ్చికమాసము 28వ దినము, అనగా 1586 నవంబరు నెలాఖరు. గణితవేత్తయైన గురువునకు తగిన శిష్యుడు. మొత్తము శ్లోకములు 1,036. పాఠభేదమున 1,034 అనియు లెక్కింతురు. నాటికి ఆయన సంపూర్ణారోగ్యవంతుడయ్యెనని సంప్రదాయము. గురువాయూరు దేవాలయమున ఆయన కూర్చుండి గ్రంథము చెప్పిన స్థలమును నేటికిని చూపుదురు. ప్రతిసంవత్సరము వృశ్చికము 28న అచ్చట నారాయణీయ దినము జరుపుదురు.

సాధారణముగా కథకులు ఇచ్చటనే ముగింతురు. అయితే వ్యాధి తగ్గిన పిదప మనుజుడేమి చేసెనన్నది కూడ తెలియవలసిన విషయమే. భట్టతిరి లోకమును విడిచి గుహలకు పోలేదు. తన పాత పనికి, శాస్త్రమునకు, తిరిగి వచ్చెను. అంబలప్పుళ ప్రభువైన దేవనారాయణుని కోరికపై 1616 ప్రాంతమున ప్రక్రియాసర్వస్వమును రచించెను. పాణినీయ సూత్రములను విషయానుసారముగా ఇరువది ఖండములలో కూర్చిన ఆ మహాగ్రంథమును అరువది దినములలో ముగించెనని చెప్పుదురు. ఒకనాడు ఏ సూత్రములు తన నొప్పిని తగ్గింపలేదో, ఆ సూత్రములనే విద్యార్థులకు సులభము చేసెను. పాణిని చెప్పని ప్రయోగములు కూడ శిష్టులు వాడినచో ప్రమాణములే యని వేరొక గ్రంథమున వాదించెను. మీమాంసలో మానమేయోదయమున ప్రమాణభాగమును రచించెను.

చాక్యారులు దేవాలయములలో చెప్పు కథలకై ఆయన కూర్చిన ప్రబంధములు అనేకములు. రాజసూయము, దూతవాక్యము, పాంచాలీస్వయంవరము వానిలో ప్రసిద్ధములు. నిరనునాసికమను ప్రబంధము విశేషమైనది. ముక్కు తెగిన శూర్పణఖ రావణుని ఎదుట మొరపెట్టుకొనును. ముక్కు లేనిదానికి అనునాసికములు పలుకవు గనుక, ఆమె మాటలలో ఙ ఞ ణ న మ అక్షరములు రాకుండ ఆయన కూర్చెను. దీర్ఘరోగమునుండి లేచినవాని బుద్ధి ఎంత చురుకుగా, ఎంత ఉల్లాసముగా నుండెనో దీనివలన తెలియును.

గురువైన అచ్యుత పిషారటి విషయము కూడ చెప్పవలెను. నారాయణీయము పూర్తియైన పిదప ఆయన ముప్పది ఏండ్లకు పైగా జీవించెను. ఆయన పరమపదించినపుడు ఆ దినమును సంఖ్యాసంకేతమున నిక్షేపించి సంస్మరణ శ్లోకము చెప్పినవాడు భట్టతిరియే. తాను దక్షిణగా ఇచ్చినది వ్యర్థము కాలేదని ఆయన కన్నులార చూచెను.

చాలకాలము జీవించి, అంత్యదశను ముక్కోల భగవతీ సన్నిధిలో గడపెను. అచ్చట అమ్మవారి పాదములపై డెబ్బది శ్లోకములతో శ్రీపాదసప్తతిని రచించెను. అదియే ఆయన చివరి కృతియని ప్రతీతి. నూరవ దశకమున స్వామి పాదములవద్ద నిలిచిన దృష్టి తుదివరకు పాదములనే వదలలేదు.

మన యిండ్లలోను దీర్ఘరోగమునుండి కోలుకొనుచున్నవారు ఉందురు. వారు ఒక్కసారిగా పూర్వమువలె పని చేయలేరు. ఏమియు చేయక యుండినచో మనసు క్రుంగును. అట్టివారిని తొందరపెట్టరాదు, ఎందులకును పనికిరారని ప్రక్కన పెట్టనురాదు. వారి శక్తికి తగిన పది శ్లోకములేవో వారే నిర్ణయించుకొనవలెను. ఒకరికి అది తులసికి నీరు పోయుట కావచ్చును. ఒకరికి వీధిచివర కోవెల వరకు నడచుట కావచ్చును. ఒకరికి లెక్కపుస్తకమున నాలుగు పుటలు చూచుట కావచ్చును. దినాంతమున మిగిలిన బాధను స్వామితో చెప్పుకొని నిద్రించవలెను. ఒకనాడు వ్యాధి వెనుకకు లాగినను మరునాటి పదిని మానరాదు. తోడున్నవారు నూరు దినములు ఓర్పు వహింపవలెను.

వాతపురీశుడైన శ్రీమన్నారాయణుడు రోగపీడితులకు స్వస్థతను, కోలుకొనువారికి ఓర్పును, సేవచేయువారికి బలమును అనుగ్రహించుగాక.